సంగీత పత్రిక పేజీలు ఎలా కట్టాలి: ముఖచిత్రం నుంచి స్వరలిపి దాకా

సభల ప్రత్యేక సంచికలు, సంగీత మాసపత్రికలు, కళాశాలల వార్షిక సంచికలు తయారుచేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. వ్యాసాలు బాగున్నాయి, రాసినవాళ్లు విషయం తెలిసినవాళ్లే, కాగితం కూడా ఖరీదైనదే. అయినా చేతిలోకి తీసుకున్నవాళ్లు నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టేస్తున్నారు. ఏం చేయాలి?

చాలాసార్లు లోపం రాతలో ఉండదు, పేజీలో ఉంటుంది. రోలింగ్ స్టోన్, మోజో లాంటి ఇంగ్లిషు సంగీత పత్రికల్ని ముందు పెట్టుకుని వాటి కాలమ్‌లు, అక్షరాల సైజులు, లైన్ల మధ్య ఖాళీ అన్నీ అలాగే తెలుగులోకి దించేస్తారు. అక్కడే పేజీ చెడుతుంది. ఆ పత్రికల నుంచి తీసుకోవాల్సింది నిర్ణయాలు: ముఖచిత్రానికి ఒకే ముఖం, పేజీకి ఒకే పెద్ద మాట, చదివే క్రమం చూడగానే తెలియడం. కొలతలు మాత్రం తెలుగు అక్షరం నుంచే రావాలి. కింద ఒత్తు, పైన గుడి, పక్కన దీర్ఘం ఉన్న లిపికి రోమన్ లిపి కొలతలు సరిపోవు.

కింది అంకెలన్నీ కత్తిరించాక దాదాపు 215 × 280 మి.మీ. ఉండే డెమ్మీ 1/4 సైజు పత్రికకు. అమెరికాలో అచ్చు వేయించే తెలుగు సంఘాల సంచికలకు లెటర్ సైజు దీనికి చాలా దగ్గర కాబట్టి అవే అంకెలు వాడుకోవచ్చు.

1. కంప్యూటర్ తెరవకముందు తేల్చుకోవాల్సినవి

ముందు ఈ సంచిక ఎవరి చేతికి వెళ్తుందో రాసి పెట్టుకోండి. కచేరీకి వచ్చి హాల్‌లో కూర్చుని తిరగేసే పెద్దలా, సంగీతం నేర్చుకుంటున్న విద్యార్థులా, సినిమా పాటల అభిమానులా? పెద్దలు ఎక్కువైతే బాడీ అక్షరం, అంటే వ్యాసం మొత్తం నడిచే అక్షరం, ఒక పాయింటు పెంచాలి. విద్యార్థులైతే స్వరలిపి (పాటను స్వరాలుగా రాసి చూపే) పేజీలు కత్తిరించి దాచుకునేలా ఉండాలి. బ్రిటన్‌లో 1978లో మొదలైన స్మాష్ హిట్స్ పత్రిక పాటల సాహిత్యాన్ని అచ్చు వేసి పాఠకుల్ని కట్టిపడేసింది. దాచుకోదగ్గ పేజీ ఉన్న పత్రిక ఇంట్లో మిగులుతుంది.

తర్వాత ఈ సంచికలోని సంగీతం వినడానికి ఎలా ఉంటుందో మూడు మాటల్లో రాయండి. ‘నిదానం, లోతు, ఖాళీ’ అని రాస్తే తెల్లజాగా ఎక్కువ, అక్షరం సన్నం. ‘డప్పు, వేగం, గుంపు’ అని రాస్తే బరువైన అక్షరం, అంచుల దాకా ఫొటోలు, దగ్గర దగ్గర పెట్టెలు. రాక్ పత్రిక కెరాంగ్ తన పేరులోని అక్షరాల్నే పగిలిన అద్దంలా గీయించుకుంది. లోపల ఎలాంటి మోత ఉందో పేరు చూస్తేనే తెలిసిపోతుంది. ఆ మూడు మాటల్ని గోడకు అంటించుకోండి. తర్వాత ఫాంటు మీదా రంగు మీదా వాదన వచ్చినప్పుడు తీర్పు చెప్పేవి అవే.

చేతిలో ఉండాల్సినవి:
• అన్ని వ్యాసాలు తుది ప్రూఫ్ అయ్యాక, యూనికోడ్‌లో
• ఫొటోలు అసలు ఫైళ్లు, తీసినవారి పేరుతో, అనుమతితో
• ఖరారైన ప్రకటనల జాబితా, ఏది ఎంత సైజో
• ప్రెస్ వాళ్లు చెప్పిన కాగితం, బైండింగ్, బ్లీడ్ (కత్తిరింపు అంచు దాటి అదనంగా వేసే భాగం) వివరాలు
• సంపాదకుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్త పేర్లు, అచ్చు వేసిన చోటు, ప్రచురించిన చోటు ఉన్న ఇంప్రింట్ వాక్యం

వ్యాసాలు సగమే వచ్చినప్పుడు పేజీలు మొదలుపెట్టకండి. తర్వాత వచ్చే రెండు పేరాల కోసం కట్టిన ఎనిమిది పేజీలు విప్పాల్సి వస్తుంది.

2. డమ్మీ వేయడం

సెంటర్ పిన్నింగ్ (మధ్య మడతలో పిన్నులు కొట్టే బైండింగ్) అయితే మొత్తం పేజీలు నాలుగుతో భాగించబడాలి. ప్రెస్‌లో ఫారం, అంటే ఒక పెద్ద షీటును మడిస్తే వచ్చే కట్ట, 8 లేదా 16 పేజీలు. లోపల 48 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు మూడు, పైన 4 పేజీల కవరు. మొదటిసారి చేసేవాళ్లకు ఇది అనుకూలమైన లెక్క. 50 పేజీలు కావాలంటే ప్రెస్ వాళ్లు 52 చేసి ఖర్చు వేస్తారు, లేదా రెండు పేజీలు తీసేయమంటారు.

తెల్లకాగితాలు మడిచి చిన్న పుస్తకం కుట్టుకుని, ఒక్కో పేజీలో ఏం వస్తుందో పెన్సిల్‌తో రాయండి. స్క్రీన్ మీద పేజీలన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి కానీ పాఠకుడికి ఎప్పుడూ రెండు పేజీలే ఎదురుగా ఉంటాయి. డమ్మీ తిప్పితేనే ఆ తేడా తెలుస్తుంది.

వరుస పెట్టేటప్పుడు పొడవు మారుస్తూ పోండి. ఆరు పేజీల ఇంటర్వ్యూ తర్వాత మరో ఆరు పేజీల వ్యాసం పెడితే పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. మధ్యలో ఒక పేజీ ప్రశ్నలు–జవాబులో, రెండు పేజీల ఫొటోలో, చిన్న సమీక్షలో రావాలి. సెంటర్ పిన్ దగ్గరి రెండు పేజీలు ఒకే కాగితం మీద అచ్చవుతాయి కాబట్టి ఫొటో మధ్యలో తెగదు. పెద్ద ఫొటోకో, కత్తిరించి దాచుకునే స్వరలిపికో ఆ చోటు కేటాయించండి. ప్రకటనకు అమ్మేయకండి.

3. అక్షరం: అసలు పని ఇక్కడుంది

దీనికి ఎంత సమయం ఇస్తే మిగతా పని అంత తేలికవుతుంది.

సాఫ్ట్‌వేర్ సెట్టింగు. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు యూనికోడ్ అతికించగానే ఒత్తులు విడిపోయి కనిపిస్తే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబ్ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. దీన్ని ప్రతి పేరాకూ విడిగా కాకుండా పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టాలి. లేకపోతే ఎక్కడో ఒక క్యాప్షన్‌లో విడిపోయిన ఒత్తు అచ్చయ్యాక కనిపిస్తుంది.

పాత ఫైళ్లు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ అయిన వ్యాసాల్ని యూనికోడ్‌కు మార్చినప్పుడు కొన్ని తప్పులు మళ్లీ మళ్లీ వస్తాయి. అక్షరం పక్కన సున్నా (ం) ఉండాల్సిన చోట అంకె సున్న (0) పడుతుంది. ‘హాల్‌లో’ అన్న మాట ‘హాల్లో’ అయిపోతుంది, ఎందుకంటే రెండు అక్షరాల్ని విడదీసి ఉంచే కనిపించని గుర్తు పోతుంది. రాగాల పేర్లు, ఊళ్ల పేర్లు, ఇంగ్లిషు మాటలకు విభక్తులు తగిలిన చోట్లు ప్రత్యేకంగా చదవండి.

ఎన్ని ఫాంట్లు? బాడీకి ఒకటి, హెడ్డింగులకు ఒకటి. అంతకు మించి వద్దు. బాడీకి నోటో సెరిఫ్ తెలుగు, టైరో తెలుగు, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతాయి. హెడ్డింగులకు రామభద్ర, బాలూ తమ్ముడు బరువుగా ఉంటాయి. అనేక్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా రకాలు ఉన్నాయి కాబట్టి ఒక్క దానితోనే సంచిక మొత్తం నడపవచ్చు.

సైజు, లైన్ల ఎడం. బాడీ 11 పాయింట్లు, లైను ఎడం 16.5 పాయింట్లతో మొదలుపెట్టండి. అంటే ఒకటిన్నర రెట్లు. ఇంగ్లిషులో చాలే 1.2 రెట్లు ఇక్కడ పెడితే పై లైను ‘స్త్ర’ ఒత్తు కింది లైను ‘కీ’ గుడి మీద పడుతుంది. పాయింట్లు ఒకటే అయినా ఒక్కో ఫాంటులో అక్షరం ఒక్కో పరిమాణంలో కనిపిస్తుంది. అందుకే అంకె నమ్మకుండా, ఒకే పేరాను మూడు సైజుల్లో అసలు కాగితం మీద ప్రింటు తీసి, మోచేయి దూరంలో పెట్టి చదివి తేల్చండి.

చేయకూడనివి:
• అక్షరాల మధ్య దూరం పెంచడం, అంటే ట్రాకింగ్. గుణింతాలు అక్షరం నుంచి విడిపోతాయి.
• ఫాంటులో లేని బోల్డ్‌ను సాఫ్ట్‌వేర్‌తో తెప్పించడం. ‘ఘ’, ‘ఝ’, ‘భ’ల లోపలి ఖాళీలు పూడిపోతాయి. ‘థ’ లోపలి చుక్క మాయమై ‘ధ’లా కనిపిస్తుంది.
• అక్షరాన్ని బలవంతంగా వాల్చి ఇటాలిక్ చేయడం. రాగం పేరునో కృతి పేరునో వేరుగా చూపాలంటే ఒంటి కోట్స్, లేదా ఒక మెట్టు ఎక్కువ బరువు చాలు.
• హెడ్డింగును అడ్డంగా సాగదీసి చోటు నింపడం. ఇరుకు లేదా వెడల్పు రకం ఫాంటు వాడండి, లేదా హెడ్డింగు తిరగరాయండి.

డ్రాప్ క్యాప్. వ్యాసం మొదటి అక్షరం పెద్దగా పెట్టడం సంగీత పత్రికల్లో మామూలే, కానీ తెలుగులో జాగ్రత్త కావాలి. ‘త్యాగరాజు’ అని మొదలైతే పెద్దది కావాల్సింది ‘త్యా’ మొత్తం. డ్రాప్ క్యాప్ సెట్టింగులో అక్షరాల సంఖ్య ఒకటి అని పెడితే కొన్నిసార్లు ‘త’ పెద్దదై ఒత్తు చిన్నగా కిందే ఉండిపోతుంది. అప్పుడు అక్షరాల సంఖ్య పెంచుతూ మొత్తం వచ్చేదాకా చూడండి. ఇంకో చిక్కు, ఆ పెద్ద ఒత్తు కింది లైనులోకి దిగుతుంది. మూడు లైన్ల డ్రాప్ క్యాప్‌కు నాలుగో లైను కూడా పక్కకు జరపాలి. ఇదంతా కుదరకపోతే మొదటి వాక్యాన్ని హెడ్డింగు ఫాంటులో 15 పాయింట్లు పెట్టండి. చూపు అక్కడికే వెళ్తుంది, ఒత్తుల తంటా ఉండదు.

4. గ్రిడ్

మార్జిన్లు: లోపలి వైపు 18, బయటి వైపు 14, పైన 16, కింద 20 మి.మీ. మిగిలిన 183 మి.మీ. వెడల్పును ఆరు కాలమ్‌లు చేసి మధ్యలో 5 మి.మీ. ఖాళీ ఇవ్వండి. ఇవి కనిపించని గీతలు. ఈ సన్నటి కాలమ్‌లు మూడు కలిపితే ఒక బాడీ కాలమ్, అంటే 89 మి.మీ. రెండు కలిపితే 57 మి.మీ.కి కాస్త ఎక్కువ.

పెద్ద వ్యాసాలకు 89 మి.మీ. కాలమ్ రెండే వాడండి. అందులో లైనుకు ఆరేడు మాటలు పడతాయి. మూడు కాలమ్‌లు చేస్తే లైనుకు నాలుగు మాటలే వస్తాయి. ‘కర్ణాటకసంగీతంలోనూ’ లాంటి మాట ఒకటి వచ్చిందంటే అది కింది లైనులోకి దూకి, పై లైనులో మాటల మధ్య గుంతలు పడతాయి. ఇంగ్లిషులో హైఫన్‌తో మాటను విరిచి దీన్ని సరిచేసుకుంటారు. తెలుగులో ఎక్కడపడితే అక్కడ విరిస్తే చదవడం కష్టం.

ఇరుకు కాలమ్ తప్పనిసరైతే, సమీక్షలకూ వార్తలకూ, రెండు వైపులా సమం చేయకుండా ఎడమ వైపు మాత్రమే సరిచేసి కుడి వైపు వదిలేయండి. గుంతలన్నీ కుడి అంచుకు వెళ్లిపోతాయి, కంటికి ఇబ్బంది ఉండదు.

పక్క పక్క కాలమ్‌ల లైన్లు ఒకే మట్టంలో ఉండాలి. బేస్‌లైన్ గ్రిడ్, అంటే అక్షరాలు కూర్చునే అడ్డగీతల వరుస, 16.5 పాయింట్లకు పెట్టి బాడీని దానికి కట్టేయండి. పలచని మ్యాప్‌లితో (మెరుపు లేని) కాగితం మీద వెనక పేజీ లైన్లు ముందు పేజీ లైన్ల మధ్యలో కనిపించే రోత దీనితో చాలావరకు తగ్గుతుంది.

5. ఫొటోలు: తిప్పకూడని బొమ్మలు

ఫుల్ పేజీ ఫొటోకు బ్లీడ్‌తో కలిపి 221 × 286 మి.మీ. కావాలి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన అది 2610 × 3378 పిక్సెళ్లు. ఫోన్లో మామూలుగా ఫార్వర్డ్ అయి కుదించుకుపోయిన ఫొటో పొడవు 1600 పిక్సెళ్లే ఉంటే దాన్ని 13.5 సెంటీమీటర్లకు మించి పెంచకండి. ఫొటోగ్రాఫర్‌ను ‘డాక్యుమెంటుగా’ పంపమనండి, లేదా డ్రైవ్ లింకు అడగండి.

వంద ఫొటోలొస్తే ముందు తీసేయాల్సినవి: మైకు నోటికి అడ్డొచ్చినవి, నోరు సగం తెరిచి కళ్లు మూసుకున్నవి, శాలువా కప్పుతున్న వరుసలు. మిగిలినవాటిలో చేయి ఏదో చేస్తున్న బొమ్మ ఎంచుకోండి. తాళం వేస్తున్న చేయి, తీగ మీటుతున్న వేలు, ఘటం మీద అరచేయి. గాయకుడి ముఖం ఒక్కటే ఉంటే అది పాస్‌పోర్ట్ ఫొటో. చేయి కూడా ఉంటే పాట వినిపిస్తుంది.

కళాకారుడి చూపు పేజీ లోపలికి, అంటే వ్యాసం వైపు ఉండాలన్నది మంచి నియమమే. దానికోసం ఫొటోను అద్దంలోలా తిప్పేయడం మాత్రం సంగీత పత్రికలో క్షమించరాని తప్పు. తిప్పితే వీణ మీటే కుడి చేయి ఎడమ చేయి అవుతుంది. కర్ణాటక వయొలిన్ విద్వాంసుడు వాద్యం తలను కుడి పాదం మీద ఆనిస్తాడు, అది ఎడమ పాదం మీదకు వస్తుంది. మృదంగంలో నల్లటి కరణం ఉన్న వైపు ఎడమకు పోతుంది. చీర పైట కుడి భుజం మీద పడుతుంది. సాధారణ పాఠకుడికి తెలియకపోయినా ఆ వాద్యం తెలిసిన ప్రతి పాఠకుడూ మొదటి చూపులో పట్టేస్తాడు, పత్రిక మీద నమ్మకం పోతుంది. చూపు బయటికి ఉంటే ఫొటోను ఎదురు పేజీలోకి మార్చండి. అదీ కుదరకపోతే వేరే ఫొటో వెతకండి.

అలాగే ముందుగా తెలుసుకోవాల్సింది: ఆ కళాకారుడు నిజంగానే ఎడమచేతి వాటమా అని. ఉంటే, సరైన ఫొటోను ఎవరో ‘సరిచేసి’ తిప్పకుండా ఫైలు పేరులోనే రాసి పెట్టండి.

స్టేజీ దీపాల ఊదా, నీలం రంగులు స్క్రీన్ మీద మెరుస్తాయి, నాలుగు సిరాల (సీఎంవైకే) అచ్చులో బురదలా వస్తాయి. మార్చి చూసుకున్నాక ముఖం చెడితే ఆ బొమ్మను నలుపు–తెలుపు చేయండి. ఎర్రటి దీపం కింద తీసిన ఫొటోలో ఎరుపు చానల్ తెల్లబారిపోయి ఉంటుంది. ఆకుపచ్చ చానల్ నుంచి నలుపు–తెలుపు తీస్తే కళ్లు, ముడతలు, విభూతి రేఖలు తిరిగి కనిపిస్తాయి.

6. ముఖచిత్రం

దీన్ని చివర్లో కట్టండి. లోపల ఏ ఫొటో బలమైనదో, ఏ వాక్యం బలమైనదో అప్పటికే తెలిసి ఉంటుంది.

1. ఒకే ముఖం, నడుము పైభాగం, కళ్లు సూటిగా కెమెరా వైపు. ఆరుగురి చిన్న ఫొటోలు పేర్చిన కవరు ఎవరినీ పిలవదు. వేదిక మీద అందరికీ మర్యాద చేయాలన్న మొహమాటాన్ని రెండో కవరు పేజీలో తీర్చుకోండి.

2. పత్రిక పేరు పైభాగంలో, అంచు నుంచి 10–12 మి.మీ. లోపల. బస్టాండు స్టాళ్లలో పత్రికలు ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి, కనిపించేది ఎడమ అంచూ పైభాగమే. కాబట్టి పేరులో మొదటి రెండు అక్షరాలు ఎప్పుడూ ఏ అడ్డూ లేకుండా కనిపించాలి. తల కొంచెం పేరు మీదకు రావడం అందంగా ఉంటుంది. కాకపోతే పాఠకులకు పేరు బాగా అలవాటయ్యాకే, అదీ పేరు మధ్య అక్షరాల మీదే.

3. ఒక పెద్ద కవర్ లైన్, ఐదు నుంచి ఏడు మాటలు. ‘ప్రముఖ విద్వాంసులతో ముఖాముఖి’ అంటే ఏమీ చెప్పనట్టే. ‘మంద్రంలో గొంతు నిలవాలంటే ఏం చేయాలి’ అంటే పాఠకుడికి పని ఉంది. పక్కన మూడో నాలుగో చిన్న లైన్లు, పేజీ నంబర్లతో. అంతకు మించితే ముఖం కనిపించదు.

4. అక్షరాలు ముఖం మీద, చేతి మీద, వాద్యం మీద పడకూడదు. ఫొటో ఎంచుకునేటప్పుడే పక్కన ఖాళీ ఉన్నది తీసుకోండి.

5. రంగులు: ఫొటోలోంచి ఒకటి ఎంచి దాన్నే కవర్ లైన్లకు వాడండి. ఆ ఒక్క రంగే లోపలి పేజీ నంబర్లకు, పెట్టెలకు కూడా నడుస్తుంది. ప్రతి సంచికా పసుపు–కుంకుమ అంచు, మూలలో తంబూరా నీడ, వెనకాల గోపురం అంటే ఏ నెలది ఏదో తెలియదు.

కవర్ లైన్లు అసలు వద్దనుకునే సందర్భం అరుదుగా వస్తుంది. రోలింగ్ స్టోన్ 1981 జనవరి 22 సంచిక మీద యానీ లీబోవిట్జ్ తీసిన గాయకుడు జాన్ లెనన్, ఆయన భార్య యోకో ఓనోల ఫొటో, పత్రిక పేరు తప్ప ఇంకేమీ వేయలేదు. ఆ ఫొటో తీసిన రోజే లెనన్ హత్యకు గురయ్యాడు. నివాళి సంచికకు మీరూ అదే చేయవచ్చు, ఫొటో అంత బలమైనదైతే. ‘అశ్రునివాళి’ అని మెరిసే అక్షరాలు అవసరం లేదు.

కవరు పరీక్ష:
• నలుపు–తెలుపులో ప్రింటు తీసినా పేరు, పెద్ద లైను చదవగలుగుతున్నామా?
• ఫోన్లో గోరంత సైజులో ముఖం ఎవరిదో తెలుస్తోందా?
• ధర, నెల, సంచిక సంఖ్య ఉన్నాయా? బార్‌కోడ్ తెల్లటి పెట్టెలోనే ఉందా?

7. ప్రధాన వ్యాసం మొదటి రెండు పేజీలు

ఇక్కడ ఐదు వస్తువులే ఉండాలి: పెద్ద ఫొటో, హెడ్డింగు, రెండు మూడు వాక్యాల ఇంట్రో, రాసినవారి పేరు, బాడీ మొదటి కాలమ్. చూపు ఆ వరుసలోనే నడవాలి. హెడ్డింగు 48 పాయింట్లైతే ఇంట్రో 16, బాడీ 11. సైజుల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి. హెడ్డింగు 24, ఇంట్రో 18 పెడితే ఏది ముందు చదవాలో కన్ను తేల్చుకోలేదు.

హెడ్డింగు రెండు లైన్లయితే, పై లైను ఒత్తులూ కింది లైను గుడులూ ఢీకొంటున్నాయేమో చూడండి. ఢీకొంటే లైన్ల ఎడం పెంచేకన్నా మాటను మరో లైనుకు మార్చడమే మేలు. ఎడం పెంచితే హెడ్డింగు రెండు ముక్కలుగా విడిపోతుంది.

రెండు పేజీల మీద పరిచిన ఫొటోలో ముఖం మధ్య మడతలో పడకూడదు. పర్ఫెక్ట్ బైండింగ్ (వీపు దగ్గర జిగురుతో అంటించేది) అయితే ఒక్కో వైపు 6–8 మి.మీ. మడతలోకి పోతుందని లెక్క వేసుకోండి. వీణ దండి లాంటి పొడవైన సరళరేఖ మడత దాటితే, రెండు కాగితాల మధ్య ఒక మి.మీ. తేడా వచ్చినా విరిగినట్టు కనిపిస్తుంది.

తర్వాతి పేజీల్లో పుల్ కోట్, అంటే వ్యాసంలోంచి తీసి పెద్దగా వేసే వాక్యం, వాడండి, పేజీకి ఒకటే. వాక్యం వ్యాసంలో ఉన్నదే, మార్చకుండా, 15 మాటల లోపు. అది బాడీలో వచ్చే చోటికి ఎదురుగా పెట్టకండి, ఒకే మాట రెండుసార్లు చదివినట్టుంటుంది.

నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు సంగీత పత్రికలకు ఇష్టమైన అలంకారం. పెట్టెకు, ఇంట్రోకు సరే. పేజీ మొత్తం బాడీకి వద్దు. తలకట్టు, ఒత్తుల సన్నటి కొసలు సిరాలో మునిగిపోతాయి. పెట్టాల్సి వస్తే 12 పాయింట్లకు తగ్గకుండా, ఒక మెట్టు బరువు పెంచి, నేపథ్యాన్ని ఒక్క నల్ల సిరాతోనే వేయండి.

ప్రయోగాల విషయంలో ఒక హద్దు. డిజైనర్ డేవిడ్ కార్సన్ 1994లో రే గన్ పత్రికలో ఒక ఇంటర్వ్యూ మొత్తాన్ని జాఫ్ డింగ్‌బాట్స్ అనే గుర్తుల ఫాంటులో పెట్టేశాడు. ఎవరూ చదవలేకపోయారు. చదవగలిగే పాఠాన్ని అదే సంచిక చివర విడిగా వేశారు. హెడ్డింగుతో ఎంతైనా ఆడుకోండి, పగలగొట్టండి, తలకిందులు చేయండి. బాడీ జోలికి వెళ్లకండి.

8. స్వరలిపి పేజీ

సంగీతం నేర్చుకునేవాళ్లు పత్రిక కొనేది దీనికోసమే. ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. స్పేస్ బార్ కొట్టి స్వరాలు సర్దారంటే పేజీ పోయినట్టే. ఫాంటు మారినా, సైజు మారినా, పీడీఎఫ్ చేసినా వరుస చెదురుతుంది. టేబుల్‌గా కట్టండి.

ఆది తాళానికి:

1. ఎనిమిది సమాన గడులు. నాలుగో గడి తర్వాత ఒక నిలువు గీత, ఆరో గడి తర్వాత ఒకటి, ఎనిమిదో గడి తర్వాత రెండు. సరళీ స్వరాల మొదటి వరుస ఇలా వస్తుంది: స రి గ మ | ప ద | ని స ||

2. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఒక వరుసలోనే పూర్తవ్వాలి. మధ్యలో విరిస్తే తాళం వేస్తూ చదివేవాడి చేయి ఆగిపోతుంది. 183 మి.మీ. వెడల్పులో ఒక్కో గడికి దాదాపు 23 మి.మీ. వస్తుంది, గడిలో నాలుగు స్వరాలు 11 పాయింట్లలో హాయిగా పడతాయి.

3. స్వరం పై వరుస, సాహిత్యం కింది వరుస. రెండూ ఒకే టేబుల్‌లో. సాహిత్యం 10 పాయింట్లు, వేరే రంగు లేదా తక్కువ బరువు.

4. స్థాయి చుక్కలు. పైన ఇచ్చిన సరళీ వరుసలో చివరి ‘స’ తారస్థాయి కాబట్టి దాని నెత్తిన చుక్క ఉండాలి. తలకట్టు మీద, ‘రి’, ‘ని’ల గుడి మీద చుక్క పడితే అది అక్షరంలో కలిసిపోతుంది. చాలా తెలుగు ఫాంట్లు ఈ చుక్కను సరైన చోట నిలపలేవు. స్వరాల వరుసకు పైన ఒకటి, కింద ఒకటి 3 మి.మీ. ఎత్తున్న సన్నటి ఖాళీ వరుసలు పెట్టి, చుక్కల్ని వాటిలో టైప్ చేయండి. పైన తార, కింద మంద్ర. పని ఎక్కువే, కానీ ఒక్క చుక్కా తప్పిపోదు.

5. కామా ఒక అక్షరకాలం, సెమీకోలన్ రెండు. ఇవి 11 పాయింట్లలో కనిపించవు, 14కు పెంచండి. పేజీ అడుగున ఈ గుర్తుల వివరణ మూడు లైన్లలో వేయండి.

6. పేజీ నెత్తిన రాగం, తాళం, ఆరోహణ, అవరోహణ, వాగ్గేయకారుడు. త్యాగరాజ పంచరత్నాలు ఐదూ ఆది తాళమే కాబట్టి ఐదింటికీ ఒకే టేబుల్ నమూనా చాలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అని రాగాలు మారతాయి.

ప్రూఫ్ చదివేవాడు కంటితో కాదు, గొంతుతో చదవాలి. తాళం వేస్తూ ప్రతి వరుసా పాడితేనే తగ్గిన స్వరం దొరుకుతుంది. ఈ పని డీటీపీ చేసినవారికి కాక పాడేవారికి అప్పగించండి.

9. సమీక్షలు, విషయసూచిక

కచేరీ సమీక్ష పక్కన చిన్న పెట్టెలో తేదీ, వేదిక, ప్రధాన కళాకారుడు, పక్కవాద్యాలు, పాడిన వరుస రాయండి. వరుసను నాలుగు నిలువు గడులుగా: కృతి, రాగం, తాళం, రచన. దీనితో వ్యాసంలో ‘ఆ తర్వాత ఫలానాది పాడారు’ అనే వాక్యాలన్నీ తీసేయవచ్చు.

విషయసూచికలో పేజీ నంబరు పెద్దగా, శీర్షిక పక్కనే ఉండాలి. శీర్షిక ఎడమ చివర, నంబరు కుడి చివర, మధ్యలో చుక్కల బారు పెడితే కన్ను దారి తప్పుతుంది.

10. ప్రకటనలు

ప్రత్యేక సంచికలకు డబ్బు ఇచ్చేది ఇవే కాబట్టి చోటు ముందే గీసుకోండి. కవరు 2, 3, 4 పేజీలు, లోపల ఫుల్ పేజీలు, హాఫ్ పేజీలు. ఇంతే. పావు పేజీ ప్రకటనల్ని వ్యాసాల మధ్య చల్లకుండా ఒకచోట చేర్చండి. ప్రధాన వ్యాసం మొదటి రెండు పేజీల్లో ఏ ప్రకటనా ఉండకూడదు. నివాళి వ్యాసానికి ఎదురుగా పెళ్లి పట్టుచీరల ప్రకటన పడకుండా డమ్మీలోనే చూసుకోండి.

11. ప్రెస్‌కు పంపే ముందు, ప్రెస్‌లో

• నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్. కత్తిరింపు అంచుకు 10 మి.మీ. లోపలే పేజీ నంబర్లు. సెంటర్ పిన్నింగ్‌లో మధ్య పేజీలు ఒక మి.మీ. పైగా బయటికి పొడుచుకొస్తాయి, కత్తిరింపులో అదే పోతుంది.
• బాడీ అక్షరాలు నలుపు 100 మాత్రమే. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ఒత్తుల చుట్టూ రంగు నీడలు వస్తాయి.
• నాలుగు సిరాల శాతాలు కలిపిన మొత్తం ఆర్ట్ పేపర్ (మెరిసే కాగితం) మీద 300 శాతం, మ్యాప్‌లితో మీద 240–260 శాతం దాటకూడదు. ప్రెస్ వాళ్లు వేరే అంకె చెబితే వాళ్లదే ఖాయం.
• స్వరలిపి మ్యాప్‌లితో మీద, ఫొటో పేజీలు ఆర్ట్ పేపర్ మీద వచ్చేలా ఫారాలు విడదీయండి. విద్యార్థి పెన్సిల్‌తో గమకం గుర్తులు పెట్టుకోవాలంటే మెరిసే కాగితం పనికిరాదు.
• పీడీఎఫ్‌లో ఫాంట్లన్నీ ఎంబెడ్ అయ్యాయో (ఫైలులోనే చేరాయో) లేదో చూడండి. ప్రెస్‌కు ఓపెన్ ఫైలు ఇవ్వకండి. వాళ్ల కంప్యూటర్‌లో కంపోజర్ సెట్టింగు వేరేగా ఉంటే ఒత్తులన్నీ మళ్లీ విడిపోతాయి.
• ఫోన్లో చదివేవాళ్లకు ఇదే పీడీఎఫ్ పంపకండి. రెండు కాలమ్‌ల పేజీని ఫోన్లో పైకీ కిందికీ జరుపుతూ ఎవరూ చదవరు. ఒకే కాలమ్‌తో, నిలువు పేజీతో వేరే ఫైలు చేయండి.
• పాట వినిపించే క్యూఆర్ కోడ్ కనీసం 2 సెం.మీ., చుట్టూ నాలుగు చిన్న గడుల మందం తెల్ల ఖాళీ, నలుపు మీద తెలుపు కాకుండా తెలుపు మీద నలుపు.

మెషీన్ మీద మొదటి షీట్లు వచ్చేటప్పుడు ఒకరు అక్కడ ఉండాలి. ముందు ముఖాల రంగు చూడండి, తర్వాత నల్ల పెట్టెలోని తెల్ల ఒత్తులు, తర్వాత స్వరలిపి పేజీలో తారస్థాయి చుక్కలు. షీటును ఫారం మడిచినట్టు మడిచి పేజీ నంబర్ల వరుస సరిచూడండి. ఆఖరున ఆ తడి షీటు మీదే క్యూఆర్ కోడ్‌ను రెండు వేర్వేరు ఫోన్లతో స్కాన్ చేసి, పాట మొదలయ్యాకే షీటు మీద సంతకం పెట్టి మెషీన్ నడపమనండి.